దూరవిద్యయు ఉద్యోగదాతల శంకయు

ఉద్యోగప్రకటనల చివర చిన్న అక్షరములతో నొక వాక్యము తఱచుగా గానవచ్చుచున్నది. రెగ్యులర్ పద్ధతిని చదివి పట్టమందినవారు మాత్రమే దరఖాస్తు చేయవలెనట. కొన్ని సంస్థలు దీనిని మఱింత గణితబద్ధముగా జెప్పుచున్నవి: పదునైదేండ్ల పూర్తికాలపు చదువు, నడుమ నెట్టి విరామమును లేకుండ, ఉండవలెనని. చదువరులలో ననేకులు ఈ వాక్యమును జూచి దాటిపోవుదురు. అది యెవరి కొఱకు వ్రాయబడినదో వారు మాత్రము దాటిపోలేరు. పగలు కొట్టులో పద్దులు వ్రాసి, రాత్రి పాఠములు చదివి, ఆదివారము స్టడీ సెంటరునకు బోయి, మూడేండ్లకు బదులు నాలుగైదేండ్లకు పట్టమును సంపాదించినవాడు ఆ వాక్యముకడ నాగిపోవుచున్నాడు. కంపెనీలో నేమనుష్యుడును వాని దరఖాస్తును జూడకమునుపే కంప్యూటరు దానిని త్రోసివేయుచున్నది. వానికి పని వచ్చునో రాదో యను ప్రశ్న యక్కడ పుట్టనే పుట్టదు.

ఈ మాట మఱెక్కడ వినబడినను కొంత సహింపవచ్చును. హైదరాబాదునందు వినబడుట మాకు వింతగా నున్నది. భారతదేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది ఈ నగరముననే. 1982వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమను పేర నది స్థాపింపబడినది. 1991లో దానికి డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరు పెట్టిరి. దాని తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డిగారు, 1985లో ఢిల్లీయందు ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమును నెలకొల్పినప్పుడు దానికిని తొలి ఉపకులపతిగా బిలువబడినవారు వారే. అంతకు బూర్వమే ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లోను, ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972లోను తపాలా ద్వారా పాఠములు పంపుటకు బూనుకొన్నవి. సార్వత్రిక విశ్వవిద్యాలయము మఱియొక యడుగు ముందునకు వేసి, బడి సర్టిఫికెట్లు లేనివారికి సైతము అర్హత పరీక్ష పెట్టి తలుపు తెఱచినది. పాఠ్యపుస్తకములను మంచి పండితులచే తెలుగున వ్రాయించినది. ఆ పుస్తకముల సంగతి మా చదువరులలో గ్రంథాలయములకు బోవువారందఱు నెఱుగుదురు. గ్రూపు పరీక్షలకు దయారగు యువకులు, వారు చదివినది ఏ కళాశాలయైనను, చరిత్రకును అర్థశాస్త్రమునకును ముందుగా వెదకికొనునవి ఆ పుస్తకములనే. పుస్తకము మేలైనదట, దానిని చదివి పట్టమందినవాడు మాత్రము సందేహాస్పదుడట!

ఇది యేదో కొలదిమందికి సంబంధించిన గొడవ యని యెవ్వరును దలంపరాదు. కేంద్ర విద్యాశాఖవారు 2020-21వ సంవత్సరమునకు జరిపిన సర్వే ననుసరించి దేశమున ఉన్నత విద్య నభ్యసించువారు సుమారు 4 కోట్ల 13 లక్షలమంది. అందు దూరవిద్యయందున్నవారు 45 లక్షల 71 వేలు. అనగా తొమ్మిదిమందిలో నొకరు. వీరిలో దాదాపు 21 లక్షలమంది స్త్రీలు. పెండ్లి యైన పిదప చదువు విడిచి, బిడ్డలు బడికి బోవుట మొదలుపెట్టినవెనుక మరల పుస్తకము పట్టినవారు వీరిలో నెందఱో కలరు. నడుమ విరామము లేకుండవలె నను నిబంధన వీరినందఱను నొక్క గీతతో గొట్టివేయుచున్నది.

చట్టము వీరి పక్షముననే యున్నది. దూరవిద్యా మండలి యామోదించిన దూరవిద్యా పట్టములు కేంద్ర ప్రభుత్వ కొలువులకు చెల్లునని 1995 మార్చి 1వ తేదీన కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. గుర్తింపు పొందిన సంస్థలు దూరవిధానమున నిచ్చు పట్టములు కళాశాలకు బోయి సంపాదించిన పట్టములతో సమానములని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022 సెప్టెంబరులో మరల స్పష్టపఱచినది. సివిల్ సర్వీసు పరీక్షకు గూర్చున్న యభ్యర్థిని నీవు తరగతిలో గూర్చుండి చదివితివా యని యెవ్వరు నడుగరు. కాబట్టి దూరవిద్యా పట్టభద్రుడు జిల్లాకు కలెక్టరు కావచ్చును. ఆ జిల్లాలోని యొక ప్రయివేటు కంపెనీలో గుమాస్తాగిరికి మాత్రము దరఖాస్తు పెట్టరాదు. ప్రయివేటు యజమాని తన కిష్టమైనవానిని దీసికొనుటకు స్వతంత్రుడు గదా యందురు. స్వతంత్రుడే. నిధుల సంఘమువారి యుత్తరువు వానిని కట్టివేయజాలదు. కావుననే ఈ విషయమున చట్టముతో వాదించుటకంటె యజమానితోనే మాటలాడుట మేలని మాకు దోచుచున్నది.

యజమానులు చెప్పు కారణములను మొదట విందము. వానిని కొట్టిపాఱవేయుట మా యుద్దేశము గాదు. అందు రెండు మూడు బలమైనవే.

నలుగురితో గలసి మెలసి పనిచేయుట కళాశాలలో నలవడు ననియు, ఒంటరిగా నింట జదివినవానికి ఆ నేర్పుండదనియు వారు చెప్పు మొదటి మాట. సభలో లేచి మాటలాడుట, తోటివానితో వాదించి యొడంబడుట, గురువునకు ఎదురు ప్రశ్న వేయుట, ఇవి పుస్తకమునుండి రావనుట నిజమే. పదునెనిమిదేండ్ల పిల్లవాడు ఇల్లు గదలక దూరవిద్యలో జేరిన పక్షమున ఈ లోపము వానికి తప్పక యుండును. ఇటీవల నట్టివారి సంఖ్యయు బెరుగుచున్నది గావున ఈ యాక్షేపణను మేము చులకన చేయుట లేదు. కాని బస్సులో కండక్టరుగా దినమునకు వందలాది ప్రయాణికులతో వ్యవహరించుచు పట్టమునకు జదివినవానిని, ఆస్పత్రిలో నర్సుగా రాత్రి డ్యూటీలు చేయుచు జదివినయామెను, మనుష్యులతో మెలగుట తెలియనివారని యెట్లనగలము? మూడేండ్లు వెనుకబెంచీమీద గూర్చుండి లేచినవానికి గలసి పనిచేయు నేర్పు వచ్చెననియు, మూడేండ్లు గిరాకీ వేళ కొట్టు నడపినవానికి రాలేదనియు నిర్ణయించునది ఏ శాస్త్రమో మాకు దెలియదు.

ప్రయోగశాల సంగతి రెండవది. రసాయనశాస్త్రమును, యంత్రవిద్యను కాగితముమీద నేర్చుకొనుట కుదరదు. ఇక్కడ మేము యజమానుల పక్షమే. చేతితో జేయవలసిన పనిని చేతితోనే నేర్వవలెను. దూరవిద్యా సంస్థలు విజ్ఞానశాస్త్రములకు స్థానిక కళాశాలల ప్రయోగశాలలలో వరుసగా కొన్ని దినములు తరగతులు పెట్టుచున్నవి. అవి సరిగా జరిగినచోట మంచిదే. హాజరుపట్టీమీద సంతకముతో ముగిసినచోట విద్యార్థికిని యజమానికిని గూడ మోసమే.

మూడవ కారణము అన్నిటికంటె బరువైనది. ఈ పట్టములు కొనబడుచున్నవేమో యను శంక అది. మన దూరవిద్య చరిత్రలో సిగ్గుపడవలసిన ఘట్టము లేకపోలేదు. కొన్ని సంస్థలు తమకు ఏ సంబంధమును లేని రాష్ట్రములలో ఊరూరను కేంద్రములు దెఱచినవి. ట్యుటోరియల్ నడుపువారు, ఇంటర్నెట్ దుకాణములవారు కమీషనుమీద విద్యార్థులను జేర్చుకొనిరి. చేర్చుకొన్నవాడే పరీక్షాకేంద్రమును నడపినచోట పరీక్ష యెట్లు జరిగియుండునో ఊహించుటకు గొప్ప బుద్ధి యక్కఱలేదు. డబ్బు గట్టినవాడు తప్పిన యెడల మఱునాడు ఆ దుకాణమునకు బేరము రాదు గదా! వీరినందఱను అదుపులో నుంచవలసిన దూరవిద్యా మండలి ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయపు చేతిక్రిందనే యుండెను. 2013లో దానిని రద్దుచేసి యధికారమును నిధుల సంఘమునకు బదలాయించిరి. గుఱ్ఱము పాఱిపోయిన పిమ్మట లాయమునకు తలుపు పెట్టుట యని యప్పుడే పలువు రనుకొనిరి.

ఆ పాపము ఫలితము 2017 నవంబరు 3వ తేదీన సుప్రీముకోర్టు తీర్పు రూపమున వచ్చినది. ఒడిషా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషను ఉద్యోగుల వివాదముతో బ్రారంభమైన యా వ్యాజ్యమున, కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయములు అనుమతిలేకయే దూరవిధానమున నిచ్చిన ఇంజనీరింగు పట్టములను న్యాయస్థానము పరిశీలించినది. 2001 మొదలు 2005 వఱకు జేరినవారి పట్టములను నిలిపివేసి, సాంకేతిక విద్యామండలి పెట్టు పరీక్షలో నెగ్గిననే చెల్లునని యాజ్ఞాపించినది. తరువాత జేరినవారి పట్టములను రద్దే చేసినది. ఉద్యోగములలో స్థిరపడి పదోన్నతులు పొందినవారు నడివయస్సున మరల పరీక్షకు గూర్చుండవలసివచ్చెను. 2009లో అన్నామలై విశ్వవిద్యాలయపు వ్యాజ్యమున, మూడేండ్ల తొలి పట్టము లేకయే సార్వత్రిక పద్ధతిని బొందిన ఎం. ఏ. చెల్లదని అదే న్యాయస్థానము చెప్పియుండెను. ఈ తీర్పులను మేము తప్పు పట్టము. అయితే శిక్ష యెవరికి బడినది? అనుమతి లేదని తెలిసియు సీట్లమ్మినవారు ఫీజులు తిన్నారు. సంస్థ పేరు నమ్మి డబ్బు గట్టిన ఉద్యోగి పట్టము పోగొట్టుకొన్నాడు. అంతకంటెను విచారకరమైనదేమన, ఏ సంబంధమును లేని నిజాయితీగల విద్యార్థి, గట్టి పరీక్ష పెట్టు ప్రభుత్వ విశ్వవిద్యాలయమున జదివినవాడు, ఆ మచ్చను నేటికిని మోయుచున్నాడు. పత్రికలో వచ్చిన తీర్పు సారాంశమును జదివిన యజమానికి జ్ఞాపకమున్నది ఒక్కటే: దూరవిద్య నమ్మరానిది. ఏ సంస్థ, ఏ చదువు, ఏ సంవత్సరము, ఇవి యెవ్వరికిని జ్ఞాపకములేవు.

కాని మంచి చెడ్డలను వేఱుపఱచుకొను సాధనము యజమానికి లేకపోలేదు. ఏ విశ్వవిద్యాలయము ఏ సంవత్సరమున ఏ చదువును దూరవిధానమున జెప్పుటకు అనుమతి పొందినదో నిధుల సంఘమువారు జాబితా ప్రకటించుచున్నారు. దరఖాస్తులోని సంస్థ పేరును ఆ జాబితాతో సరిచూచుట పది నిముషముల పని. రెగ్యులర్ అను నొక్కమాట పెట్టుకొన్న యజమాని ఆ పది నిముషములను మిగుల్చుకొనుచున్నాడు. నాలుగవ కారణమని పైకి చెప్పకున్నను నిజమైన కారణమిదే యని మా తలంపు. పది కొలువులకు వేలకొలది దరఖాస్తులు వచ్చినప్పుడు దేనినో యొకదానిని జల్లెడగా వాడవలెను. తరగతిగది మంచి జల్లెడ యని యెవ్వరును బరీక్షించి తేల్చలేదు. అది చేతికందిన జల్లెడ, అంతియే.

తరగతిలో గూర్చుండుటయే సామర్థ్యమునకు గుఱుతైన పక్షమున కొన్ని సంగతులకు సమాధానము గావలెను. 1857లో వెలసిన మద్రాసు విశ్వవిద్యాలయము తొలుత నెవ్వరికిని తాను పాఠము చెప్పలేదు. లండన్ విశ్వవిద్యాలయపు మాదిరిని పరీక్షలు జరిపి పట్టములిచ్చుటయే దాని పని. ఆ లండన్ విశ్వవిద్యాలయము 1858 మొదలు ఏ కళాశాలయందును జేరనివారిని గూడ బరీక్షకు రానిచ్చెను. మన జిల్లాలలో ఉపాధ్యాయవృత్తి చేయుచు ప్రయివేటుగా బి. ఏ. కట్టి ప్యాసయి, ప్రధానోపాధ్యాయులై, తరములకొలది విద్యార్థులను దీర్చిదిద్దినవారు లేని పట్టణము గలదా? వారిని రెగ్యులరు కారని యెవ్వరైన ననిరా?

అంత వెనుకకు బోనక్కఱలేదు. ప్రతి కంపెనీయు దన లెక్కలను ఎవరిచేత దనిఖీ చేయించుకొనుచున్నది? చార్టర్డ్ అకౌంటెంటుచేత. 1949 నాటి చట్టముచే నేర్పడిన వారి సంస్థ దశాబ్దములపాటు తపాలా ద్వారానే పాఠములు పంపినది. ఆ చదువునకు మూడేండ్లు గూర్చుండవలసిన తరగతిగది లేదు. ఉన్నవి రెండే: అనుభవజ్ఞునికడ చేయవలసిన పనినేర్పు కాలము (ఇది చిరకాలము మూడేండ్లుండి, 2023లో రెండేండ్లకు దగ్గినది), ఎంతటివానినైనను గడగడలాడించు పరీక్షలు. ఆ పట్టము దెచ్చుకొన్నవానిని నీ వే కళాశాలలో జదివితివని యెవ్వరు నడుగరు. పైగా దూరవిద్యా పట్టభద్రుని దరఖాస్తును దిరస్కరించు కంపెనీయొక్క ఆదాయవ్యయ పట్టికక్రింద సంతకము చేయునది ఆయనయే. అనగా యజమానులు దూరవిద్యను నమ్మకపోలేదు; పరీక్ష గట్టిదై, పని నేర్పుటయు దానితో గలసియున్నచోట వారు నిస్సంకోచముగా నమ్ముచున్నారు. మా వాదమునకు ఇంతకంటె మంచి సాక్ష్యము మాకు వేఱొకటి కనబడదు.

ఇటీవలి సంగతి మఱియొకటి కలదు. 2020 మార్చిలో మహమ్మారి కారణమున దేశమందలి కళాశాలలన్నియు మూతపడెను. ఆ తరువాత చాల మాసములు ఇంజనీరింగు మొదలు వాణిజ్యశాస్త్రము వఱకు సమస్త విద్యార్థులును ఇంటనే గూర్చుండి, చేతిఫోనులో గురువుగారి మాట వినిరి, విననివారు వినలేదు. వారందఱును దూరమున జదివినవారే. తపాలాకు బదులు ఇంటర్నెట్, ఆదివారపు స్టడీ సెంటరు గూడ లేదు. అయినను వారి పట్టములమీద రెగ్యులర్ అనియే ముద్రపడినది, కంపెనీలు వారిని యథాప్రకారము దీసికొన్నవి. దీసికొనినది మంచిదే. ఒక్క సంవత్సరము తరగతి తప్పినందున వారి జీవితము పాడుచేయుట న్యాయము గాదు. అదే న్యాయము, వేఱుదారి లేక తరగతి తప్పినవానికేల వర్తింపదు?

తరగతిగదిలో జదివినవారి సామర్థ్యమును గూర్చి యజమానులే చెప్పినదేమి? సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘమైన నాస్కామ్, మెకిన్సీ సంస్థతో గలసి 2005లో నొక నివేదిక ప్రకటించినది. భారతదేశపు ఇంజనీరింగు పట్టభద్రులలో నూటికి 25 మంది మాత్రమే బహుళజాతి సంస్థలలో బనికి దగినవారనియు, ఇతర పట్టభద్రులలో నూటికి 10 మొదలు 15 మంది వఱకే యనియు అందు జెప్పిరి. ఆ నివేదిక మాట్లాడినది ప్రధానముగ కళాశాలలనుండి వచ్చు యువకులనుగూర్చియే. అట్టివారిని దీసికొని మాసములకొలది శిక్షణ నిచ్చి పనివారిని జేసికొనుటకు ఆ కంపెనీలు వెనుదీయలేదు. పనికిరాడని తామే చెప్పినవానికి శిక్షణ; పనిలోనే యున్నవానికి తలుపు మూత. ఇది మాకు వ్యాపారబుద్ధిగా గూడ దోచుట లేదు.

పనిలోనే యున్నవాడు! ఈ చర్చలో నందఱు మఱచుచున్న ముఖ్యవిషయ మిదియే. దూరవిద్యార్థులలో ననేకులు ఉద్యోగము కొఱకు ఎదురుచూచు నిరుద్యోగులు గారు. ఏదో యొక కొలువులో నున్నవారు. వారి యజమాని వారిని దినమును జూచుచునే యున్నాడు. పదేండ్లుగా గిడ్డంగి తాళములు వాని చేతి కిచ్చియున్నాడు. బ్యాంకునకు డబ్బు పంపవలసివచ్చిన వానినే పంపుచున్నాడు. కొత్తగా వచ్చిన రెగ్యులర్ పట్టభద్రునకు పని నేర్పుమని వానికే యప్పగించుచున్నాడు. ఒకనాడు వాడు కూడబెట్టుకొన్న ఫీజుతో, చిక్కించుకొన్న తీరికతో బి. కాం. ప్యాసయి, ఆ కాగితము దెచ్చి, అయ్యా, నన్ను అకౌంటెంటుగా జేయుడని యడుగును. అప్పుడు యజమానికి వాని సామర్థ్యముమీద సందేహము కలుగును! నిన్నటివఱకు నమ్మిన మనుష్యుని యందు పట్టము వచ్చిన దినముననే నమ్మకము సడలుట విచిత్రము గాదా? పట్టము లేనప్పుడు పట్టము లేదని యాపిరి. వచ్చినప్పుడు అది మంచి పట్టము గాదని యాపిరి. వాని క్రింద పని నేర్చుకొన్న కుఱ్ఱవాడు వానిపై యధికారి యగును. పెద్ద నగరములయందును చిన్న పట్టణములయందును ఈ కథ జరుగుచునే యున్నది. జీతము తేడా నెలకు కొన్ని వేలే యుండవచ్చును. ఇంటిలో పెద్దపిల్ల చదువు ఆ కొన్ని వేలమీదనే యాధారపడియున్నది.

అందుచే దూరవిద్యా పట్టభద్రుల సామర్థ్యమును గూర్చి నిజముగా దెలిసికొనగోరు యజమాని వారిని పనిలో జూచినవానిని అడుగవలెను గాని, పట్టపు కాగితమును గాదు. రెండుమూడేండ్లు ఒకచోట బనిచేసి, అక్కడివారి మంచిమాట పొంది, ఆ కాలముననే చదువు సాగించినవాడు రెండు విషయములు ఋజువు చేసికొనియున్నాడు: పని వచ్చుననియు, ఎవ్వరును వెంటబడి చెప్పకున్నను తలపెట్టినదానిని ముగింపగల డనియు. ఈ రెండవ గుణము ప్రతి యజమానియు గోరునదే. అది లేదని తన పనివారినిగూర్చి ప్రతి యజమానియు ఫిర్యాదు చేయునదే. దూరవిద్యలో జేరినవారిలో జాలమంది నడుమనే మానివేయుదురు. కడదాక నిలిచినవానిని గూర్చి ఆ సంగతియే యొక సాక్ష్యము.

ఇట్లని మేము దూరవిద్యా పట్టభద్రుల కందఱకును యోగ్యతాపత్రము వ్రాసియిచ్చుట లేదు. వారిలో ప్రశ్నబ్యాంకులు బట్టీపట్టి గట్టెక్కినవారు కలరు, ఇతరులచే అసైన్‌మెంట్లు వ్రాయించుకొన్నవారును గలరు. కళాశాలలో గలవారి పాటియే. మేము గోరునది దయాదాక్షిణ్యములు గాదు, పరీక్ష. అకౌంటెంటు కావలెనా, నూఱు పద్దుల పుస్తకమిచ్చి ఒకపూట గూర్చుండబెట్టుడు. ప్రోగ్రాము వ్రాయువాడు కావలెనా, చిక్కు నొకటి యిచ్చి విప్పుమనుడు. ఉత్తరప్రత్యుత్తరములు నడపువారు కావలెనా, ఒక కోపిష్ఠి ఖాతాదారుని జాబు చేతికిచ్చి బదులు వ్రాయుమనుడు. రెగ్యులర్ వాడు నెగ్గిన వానిని దీసికొనుడు, దూరవిద్యవాడు నెగ్గిన వీనిని దీసికొనుడు. దీనికి ఒకపూట పట్టును. తప్పుడు మనిషిని దీసికొని ఆఱుమాసములు జీతమిచ్చుటకంటె ఇది చౌక.

పని చూపించుటకు అవకాశమే లేని దూరవిద్యార్థి సంగతి వేఱు. కళాశాల విద్యార్థికడకు కంపెనీలే వచ్చి ఆవరణలో ఎంపికలు జరుపుచున్నవి. దూరవిద్యార్థికి ఆవరణయే లేదు, వాని మొగము ఏ కంపెనీయు జూడదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టమును 2014లో సవరించి ఇంజనీరింగు గాని పట్టభద్రులకును పనినేర్పు కొలువులలో చోటు గల్పించిరి. దూరవిద్యా విశ్వవిద్యాలయములు తమ ప్రాంతీయ కేంద్రములలో నేటేట రెండు దినములు స్థానిక వ్యాపారులను, మిల్లులవారిని, బ్యాంకులవారిని బిలిచి ఈ కొలువులకు ఎంపికలు జరుపుట కేమంత కష్టము? ఆదివారము స్టడీ సెంటరుగా నడచు కళాశాల భవనమే దానికి జాలును. చార్టర్డ్ అకౌంటెంట్లకు గౌరవము దెచ్చినది తరగతి గాదు, పరీక్షయు పనినేర్పును. పరీక్షను గట్టిచేసికొనుట విశ్వవిద్యాలయముల చేతిలోనే యున్నది.

ఇక విశ్వవిద్యాలయములవారితో నొక చిన్న మాట. యజమాని మనస్సు మాఱి దూరవిద్యా పట్టభద్రుని దీసికొనుటకు సిద్ధపడినను, ఆ పట్టము నిజమైనదా యని కంపెనీ వ్రాసిన జాబునకు బదులు రాదు. పరీక్షాఫలితములు ఆలస్యము, మార్కుల జాబితా ఆలస్యము, పట్టపు పత్రమునకు వేఱొక దరఖాస్తు, వేఱొక క్యూ. ఉద్యోగమిచ్చెదమన్న సంస్థ ఒక నెల చూచును, రెండు నెలలు చూచును, తరువాత ఆ చోటునకు వేఱొకరిని దీసికొనును. అభ్యర్థి సామర్థ్యమును ఎవ్వరును శంకింపకయే యుద్యోగము జాఱిపోవును. పట్టముల వివరములను గణకయంత్రమునకెక్కించి, కంపెనీ యడిగిన వారము దినములలోపల నిజమైనదని గాని కాదని గాని లిఖితపూర్వకముగా దెలుపు నేర్పాటు ప్రతి దూరవిద్యా సంస్థయు జేయవలెను. పరీక్షలు వ్రాసినవారికి ఫలితములు నలువది దినములు దాటకుండ నందవలెను. రాబోవు పరీక్షలకు ఫీజులు గట్టించుకొనుటకు తేదీని ప్రకటించునప్పుడే, ఫలితములు వెలువడు తేదీని గూడ ఆ ప్రకటనలోనే యచ్చువేయించుడు.